కడుపు కింద సంచి, చోటుకో జాతి: యాంఫిపాడ్‌లు ఎక్కడెక్కడ ఉంటాయి?

భీమిలి తీరంలో ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచును కాలితో తిరగేస్తే గుప్పెడు చిన్న ప్రాణులు టపటపా ఎగిరిపడ్డాయని, అవి పురుగులా రొయ్యపిల్లలా అని మీరు అడిగారు. ఎవరో వాటిని యాంఫిపాడ్‌లు అన్నారట. ఇలాంటివి ప్రపంచంలో పదివేల రకాలున్నాయంటే నమ్మలేకపోయానని రాశారు. ఒకే తీరు ప్రాణి సముద్రపు అట్టడుగునా, అడవి ఆకుల కిందా, గుహల్లోనూ, తిమింగలాల ఒంటిమీదా ఎలా బతుకుతుంది? మన ఊళ్ల మంచినీళ్లలోనూ ఉంటుందా? కుడుతుందా? ఇవి మీ మిగతా ప్రశ్నలు. ముప్పై ఏళ్లకు పైగా జంతుశాస్త్రం బోధించాను. అందులో సెలవు దొరికిన ప్రతిసారీ ఈ ప్రాణుల కోసమే వల, సీసాలు సంచిలో వేసుకుని తిరిగాను. అందుకే కాస్త పెద్ద సమాధానం రాస్తున్నాను.

మీరు చూసినవి పురుగులు కావు, రొయ్యపిల్లలూ కావు. అవి పూర్తిగా ఎదిగిన యాంఫిపాడ్‌లే. రొయ్యలు, పీతలు ఉన్న పెద్ద కుటుంబంలోనివే అయినా వాటికి దూరపు చుట్టాలు. దగ్గరి చుట్టం కావాలంటే మీ పెరట్లో తడి పూలకుండీ ఎత్తి చూడండి. బూడిదరంగులో ఉండి, ముట్టుకుంటే బంతిలా చుట్టుకునే బహుకాళ్ల ప్రాణి కనిపిస్తే, అది ఐసోపాడ్ అయి ఉంటుంది. యాంఫిపాడ్‌కు అది పినతల్లి బిడ్డ లాంటిది. ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి ఒకటుంది. దాని గురించే ఈ సమాధానమంతా.

ముందు ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. తడి వేలితో అద్ది, గాజు గిన్నెలో చెంచాడు సముద్రపు నీరు పోసి అందులో వేయండి. అది నిలబడలేదు, పక్కకు ఒరిగిపోతుంది. కారణం దాని ఒళ్లు రెండు పక్కల నుంచి నొక్కినట్టు పలచగా ఉండటమే. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం పెట్టండి. రొయ్యకు తలనూ రొమ్మునూ కలిపి కప్పే గట్టి డిప్ప ఉంటుంది కదా, దీనికి ఆ డిప్ప లేదు. తల నుంచి తోక దాకా పెంకులు ఒకదాని వెనక ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. కళ్లు రొయ్యకులా కాడల మీద ఉండవు, తలకే అతుక్కుని ఉంటాయి. నడిచే కాళ్లు ఏడు జతలు. మొదటి రెండు జతలు పట్టుకోవడానికి, చివర్లో చిన్న పిడికిళ్లలా ఉంటాయి. తర్వాతి రెండు జతలు ముందుకు వంగి ఉంటాయి. చివరి మూడు జతలు వెనక్కి, పైకి వంగి ఉంటాయి. కాళ్లు ఇలా రెండు వైపులకూ తిరిగి ఉండటాన్ని చూసే ఫ్రెంచి శాస్త్రవేత్త లాత్రెయ్ 1816లో దీనికి గ్రీకు మాటలతో యాంఫిపోడా అని పేరు పెట్టాడు. పొట్ట కింద మరో మూడు జతలు ఈదడానికి. వాటి వెనక మూడు జతల బిరుసు పుల్లలు. తోక భాగాన్ని కడుపు కిందకు మడిచి, ఆ పుల్లల్ని నేలకు ఆనించి ఒక్కసారిగా చాచుతుంది. మీరు విన్న టపటప అదే.

ఇప్పుడు కాళ్ల మధ్య చూడండి. గిన్నెలో ఉన్నది ఆడదైతే, కాళ్ల మొదళ్ల నుంచి పుట్టిన పలచని రేకులు ఒకదానిమీద ఒకటి పడి, కడుపు కింద ఒక సంచి కట్టి ఉంటాయి. అందులో గుడ్లుంటే పూసల్లా కనిపిస్తాయి. కాస్త ముదిరిన గుడ్లయితే ఒక్కొక్క పూసలోనూ రెండు చిన్న కంటి చుక్కలు కూడా కనిపిస్తాయి. నా విద్యార్థులకు నేను ముందుగా చూపించేది ఈ చుక్కలనే. సన్నని పటకారుతో సంచి రేకును ఒక్క నిమిషం పక్కకు తీస్తే, లోపల ఒకోసారి గుడ్లకు బదులు తల్లి పోలికలతోనే ఉన్న పిల్లలు, ఏడు జతల కాళ్లతో సహా, కిక్కిరిసి కదులుతూ కనిపిస్తాయి.

మన కోస్తాలో రొయ్యల చెరువుల సంగతి తెలియని వారు తక్కువ. వెనామీ తల్లి ఒక్క విడతలో లక్షకు పైగా గుడ్లను నీళ్లలో వదిలేస్తుంది. నాప్లియస్, జోయియా, మైసిస్ అంటూ దశలు మారుతూ ఆ పిల్లలు అలల మీద తేలుతూ ఎక్కడికో పోతాయి. హేచరీలో మనం చూసే పీఎల్, అంటే చెరువులో వేయడానికి అమ్మే రొయ్యపిల్ల, ఆ దశలన్నీ గడిచి వచ్చినదే. యాంఫిపాడ్‌కు ఈ ప్రయాణమే లేదు. చాలా జాతుల్లో తల్లి మోసే గుడ్లు పదుల సంఖ్యలోనే ఉంటాయి. తేలే డింభకం అన్న దశ ఉండదు. సంచిలోంచి దిగిన పిల్ల తల్లి ఉన్న రాయి మీదే, తల్లి తినే నాచే తింటూ బతుకు మొదలుపెడుతుంది.

పదివేల రకాలు ఎలా వచ్చాయన్న మీ ప్రశ్నకు నా జవాబు ఈ సంచిలోనే ఉంది. రొయ్యపిల్లలు వందల కిలోమీటర్లు కొట్టుకుపోయి ఇతర ఊళ్ల రొయ్యలతో కలుస్తాయి కాబట్టి, ఒకే జాతి తీరం పొడవునా ఉంటుంది. యాంఫిపాడ్ పుట్టిన చోటే పెరిగి, అక్కడే జతకట్టి, అక్కడే చస్తుంది. నడుమ ఒక లోతైన కయ్యో, కొండో, పొడి నేలో వస్తే అటువైపు వాళ్లకూ ఇటువైపు వాళ్లకూ సంబంధం తెగిపోతుంది. ఆ ఎడబాటు లక్షల ఏళ్లు సాగితే ఒక జాతి రెండవుతుంది. ఇప్పటిదాకా పేరు పెట్టినవే పదివేలు దాటాయి. ఏటా కొత్తవి చేరుతూనే ఉన్నాయి.

మీరు పాత పాఠ్యపుస్తకం చదివి ఉంటే అందులో యాంఫిపాడ్‌లకు నాలుగు ఉపక్రమాలు, అంటే పెద్ద విభాగాలు, కనిపిస్తాయి. 2017లో లౌరీ, మైయర్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ ఏర్పాటును మార్చి ఆరు ఉపక్రమాలు చేశారు. పరీక్ష రాసేవారు తమ పుస్తకం ఏదో చూసుకుని రాయడం మంచిది. నేను ఆ వర్గీకరణ జోలికి పోకుండా, చోట్లను బట్టే చెబుతాను.

మీ భీమిలి ప్రాణులతోనే మొదలుపెడతాను. ఇవి టాలిట్రిడే అనే కుటుంబానివి. యాంఫిపాడ్‌లలో నీటిని దాటి నేల మీద స్థిరపడ్డవి దాదాపు అన్నీ ఈ కుటుంబంలోనూ, దాని దగ్గరి చుట్టాల్లోనూ ఉన్నాయి. పగలు తడి ఇసుకలోనో, నాచు కిందో దాక్కుంటాయి, రాత్రి తిండికి బయలుదేరతాయి. కుళ్లుతున్న నాచును తిని తీరాన్ని శుభ్రం చేసేది ఇవే. అందుకే పర్యాటకుల కోసమని నాచునంతా యంత్రాలతో ఊడ్చేసిన తీరంలో ఇవి కనుమరుగవుతాయి, వీటిని తినే పక్షులూ తగ్గుతాయి. కుట్టడం సంగతి అడిగారు కదా. ఈ ఇసుక ప్రాణులు మనల్ని కుట్టవు, నిశ్చింతగా అరచేతిలోకి తీసుకోండి.

వీటి దిక్కుల జ్ఞానం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 1950ల ప్రాంతంలో లియో పార్ది, ఫ్లోరియానో పాపి అనే ఇటలీ శాస్త్రవేత్తలు టాలిట్రస్ సాల్టేటర్ అనే జాతితో ప్రయోగాలు చేశారు. ఇటలీ పడమటి తీరంలో సముద్రం పడమర వైపు ఉంటుంది. అక్కడి ప్రాణుల్ని పట్టి, సముద్రం కనపడని పొడి గిన్నెలో వేస్తే, తడి కోసం అవన్నీ పడమరకే పరుగెత్తాయి. సూర్యుణ్ని చూసి, పొద్దు కదిలినకొద్దీ ఆ కదలికను లెక్కలోకి తీసుకుంటూ, అవి దిక్కు పట్టుకుంటున్నాయని తేలింది. వాటినే తూర్పు తీరానికి తీసుకెళితే అక్కడా పడమరకే, అంటే సముద్రానికి ఎదురుగా నేల వైపుకే పోయాయి. ఇంకా గొప్ప సంగతి, ప్రయోగశాలలో పుట్టి సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడని పిల్లలు కూడా తమ తల్లిదండ్రుల తీరంలో సముద్రం ఏ దిక్కున ఉండేదో ఆ దిక్కుకే కదిలాయి. తీరం దిక్కు రక్తంలోకి ఎక్కాలంటే తరతరాలు అదే తీరంలో బతకాలి. ఎక్కడ పుట్టామో అక్కడే ఉండటమంటే ఇంత దూరం పోతుంది.

ఈ కుటుంబంలోనే కొన్ని ఇంకా లోపలికి, అడవుల్లోకి వెళ్లాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, శ్రీలంక వంటి చోట్ల తడి అడవుల్లో రాలిన ఆకుల కింద ఇవి గంతులేస్తుంటాయి. పెంకు పలచన కాబట్టి ఎండకు క్షణాల్లో ఎండిపోతాయి, తడి ఆకుల పొర వీడి రాలేవు. ఆస్ట్రేలియా నుంచి మొక్కల కుండీల మట్టిలో దాక్కుని ఇంగ్లండు పక్కనున్న సిల్లీ దీవుల తోటలకు చేరిన జాతి ఒకటుంది. మనిషి చేతుల మీదుగా తప్ప అంత దూరం అది పోగలిగేది కాదు.

ఇక తిమింగలాలు. మీకు నమ్మశక్యం కానిది బహుశా ఇదే. సయామిడే కుటుంబంలోని యాంఫిపాడ్‌లను తిమింగలపు పేలు అంటారు. పక్కల నొక్కినట్టుండే ఒళ్లు వీటిలో అడ్డంగా, బల్లపరుపుగా మారింది. కాళ్ల చివర కొక్కేలు వచ్చాయి. రైట్ వేల్ అనే తిమింగలం తలమీద గరుకు బొడిపెలుంటాయి. దూరం నుంచి అవి తెల్లగా కనిపించడానికి కారణం వేల సంఖ్యలో పట్టుకుని ఉన్న ఈ ప్రాణులే. ఇవి చర్మపు పొరలను తిని బతుకుతాయి. పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా ఏ దశలోనూ ఇవి ఈదలేవు. పట్టు తప్పితే అంతే సంగతులు. తల్లి తిమింగలం నుంచి బిడ్డకో, ఒళ్లు ఒళ్లూ రాసుకున్నప్పుడు పక్క తిమింగలానికో మాత్రమే ఇవి చేరగలవు.

దీన్ని పట్టుకుని 2005లో కొందరు శాస్త్రవేత్తలు ఒక చక్కని పని చేశారు. ఉత్తర అట్లాంటిక్, ఉత్తర పసిఫిక్, దక్షిణ సముద్రాల్లోని రైట్ వేల్‌ల మీది పేల జన్యువులను పోల్చి చూశారు. మూడు చోట్ల పేలూ 50 నుంచి 60 లక్షల ఏళ్ల కిందటే వేరైపోయాయి. అంటే వాటిని మోసే తిమింగలాలు కూడా అప్పుడే విడిపోయి ఉండాలి. ఒక పేను జాతిలో మాత్రం లెక్క తప్పింది. దాన్నిబట్టి గడచిన 10, 20 లక్షల ఏళ్లలో దక్షిణాది తిమింగలం కనీసం ఒకటి భూమధ్యరేఖ దాటి ఉత్తర పసిఫిక్ మందతో కలిసిందని వాళ్లు తేల్చారు. లక్షల ఏళ్ల నాటి ఆ ఒంటరి ప్రయాణానికి సాక్ష్యం చెప్పింది గోరంత యాంఫిపాడ్.

మంచినీళ్లలో వీటి రాజధాని సైబీరియాలోని బైకాల్ సరస్సు. దాదాపు రెండున్నర కోట్ల ఏళ్ల వయసు, 1,642 మీటర్ల లోతు ఉన్న సరస్సు అది. ఆ ఒక్క నీటిలోనే 350 దాకా జాతులు, ఉపజాతులు ఉన్నాయి. దాదాపు అన్నీ ప్రపంచంలో మరెక్కడా దొరకనివే. ఒంటినిండా ముళ్లతో, వేలెడు పొడవున్న అకాంథోగామరస్‌లు అడుగున తిరుగుతుంటాయి. మాక్రోహెక్టోపస్ అనేది అడుగునే వదిలేసి నడినీటిలో గుంపులుగా తేలుతుంది, చీకటి పడగానే పైకి వచ్చి, తెల్లవారేసరికి లోతుకు దిగిపోతుంది. అక్కడి ప్రసిద్ధ చేప ఓముల్‌కు ఇది పెద్ద తిండి. నడినీటి జీవితం, బురద జీవితం, స్పంజికల మీద జీవితం అన్నీ ఒక్క సరస్సులో, దగ్గరి చుట్టాల మధ్యే పంచుకున్నారన్నమాట.

బైకాల్ ప్రాణులు అంత పెద్దవి ఎందుకయ్యాయి? ఇదే ప్రశ్న అంటార్కిటికా యాంఫిపాడ్‌ల గురించీ ఉండేది. 1999లో గోతియే షపెల్, లాయిడ్ పెక్ అనే ఇద్దరు ప్రపంచం నలుమూలల యాంఫిపాడ్‌ల పొడవులను పోల్చి చూసి, నీటిలో కరిగిన ఆక్సిజన్‌కూ వీటి గరిష్ఠ పరిమాణానికీ పొత్తు ఉందని చూపారు. చల్లని నీటిలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది. ఉప్పులేని నీటిలో ఇంకాస్త ఎక్కువ. అందుకే చల్లని మంచినీటి బైకాల్‌లో ఇంత భారీ ఆకారాలు. మన వెచ్చని సముద్రంలో చాలావరకు వడ్లగింజంత, మహా అయితే చిక్కుడుగింజంత ఉండటానికీ కారణం ఇదే కావచ్చని నా అభిప్రాయం.

అయితే అన్నింటికన్నా పెద్దది లోతు సముద్రంలో ఉంది. అలిసెల్లా జైగాంటియా 34 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, అంటే జానెడున్నర. దాని కింద, పసిఫిక్‌లోని మరియానా అగాధంలో, దాదాపు 10,900 మీటర్ల లోతున హిరోండెల్లియా గైగాస్ ఉంది. ఎర చేపను బోనులో కట్టి దింపితే కొద్ది గంటల్లో వందల కొద్దీ వచ్చి చేరతాయి. తిండి దొరకని ఆ చీకట్లో పైనుంచి పడే చచ్చిన చేప ఒక్కటే ఆధారం అనుకుంటే, ఇవి దానికోసమే కాచుకుని కూర్చోలేదు. 2012లో జపాన్ శాస్త్రవేత్తలు వీటి పొట్టలో చెక్కను, మొక్కల పీచును చక్కెరగా మార్చే ఎంజైములను కనుగొన్నారు. నదుల్లో కొట్టుకొచ్చి సముద్రంలో మునిగిన కొయ్యముక్క కూడా వీటికి అన్నమే. మరో పరిశోధనలో వీటి పెంకు మీద అల్యూమినియంతో కూడిన జిగురు పొర కనిపించింది. అంత ఒత్తిడిలో పెంకు కరగకుండా అది కాపాడుతుందని వారి వివరణ.

ఒక్కో అగాధం ఒక్కో దీవి లాంటిది. చిలీ తీరానికి ఎదురుగా ఉన్న అటకామా అగాధంలో 7,902 మీటర్ల లోతు నుంచి తెచ్చిన ప్రాణికి 2024లో డల్సిబెల్లా కమాంచకా అని పేరు పెట్టారు. నాలుగు సెంటీమీటర్ల తెల్లని ప్రాణి అది. శవాలు ఏరుకు తినే రకం కాదు, తోటి యాంఫిపాడ్‌లను వేటాడి తింటుంది. ఆ జాతికే కాదు, ప్రజాతికి కూడా కొత్త పేరు పెట్టాల్సి వచ్చింది.

ఇంత లోతుకూ మన చెత్త చేరింది. 2017లో వెలువడిన పరిశోధనలో మరియానా, కెర్మాడెక్ అగాధాల యాంఫిపాడ్‌ల ఒంట్లో పీసీబీలు అనే నిషేధిత పారిశ్రామిక రసాయనాలు దొరికాయి. 2020లో మరియానా అగాధపు కొత్త జాతి ఒకదాని పొట్టలో ప్లాస్టిక్ పోగు కనిపిస్తే, దానికి యూరిథీనస్ ప్లాస్టికస్ అనే పేరే పెట్టారు. ఆ పేరు చదివిన ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. మనిషి కంటపడకముందే మనిషి వదిలిన మురికిని తిన్న ప్రాణి అది.

సముద్రం నడిమధ్య, పట్టుకోవడానికి రాయి గానీ నాచు గానీ లేని చోట కూడా యాంఫిపాడ్‌లు ఉన్నాయి. అక్కడ అవి జెల్లీ చేపలను, సాల్ప్‌లనే ఇళ్లు చేసుకున్నాయి. ఫ్రోనిమా అనే రకంలో తల్లి, సాల్ప్ అనే గాజులాంటి ప్రాణిని పట్టి, లోపలిదంతా తినేసి, మిగిలిన పీపాలాంటి డొల్లలో దూరుతుంది. ఆ పీపా గోడలకే పిల్లల్ని చేర్చి, తాను వెనకనుంచి కాళ్లాడిస్తూ పీపాను ఉయ్యాలలా తోసుకుంటూ పోతుంది. కడుపు కింద సంచి చాలదని ఈ తల్లి రెండో సంచి కట్టుకుందనిపిస్తుంది. సిస్టిసోమా మరో రకం, అద్దంలా పారదర్శకంగా ఉంటుంది. కాంతి పడినా తళుక్కుమనకుండా దాని ఒంటిమీద అతి సూక్ష్మమైన పూత ఉందని 2016లో కనుగొన్నారు. అంటార్కిటికాలో హైపెరియెల్లా అనే చిన్నది, చేపలు నోట పెట్టలేని చేదు రసాయనమున్న సముద్రపు నత్తను పట్టి వీపున మోసుకు తిరుగుతుంది. చేప దీన్ని నోట్లో వేసుకుని వెంటనే ఉమ్మేస్తుంది.

బురద గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. కనిపించేది బురదే అయినా, సముద్రాలనే నడిపే యాంఫిపాడ్‌లు అందులో ఉన్నాయి. కెనడాలోని ఫండీ అఖాతంలో పాటు తీసినప్పుడు బయటపడే బురదలో కొరోఫియం అనేది ఆంగ్ల యు అక్షరం ఆకారంలో బొరియలు తవ్వుకుంటుంది. చదరపు మీటరుకు పదివేలకు పైనే ఉంటాయి. ఉత్తర ధ్రువం వైపు నుంచి వచ్చే చిన్న ఉల్లంకి పిట్టలు రెండు మూడు వారాలు వీటిని తిని, బరువు రెట్టింపు చేసుకుని, ఆగకుండా దక్షిణ అమెరికాకు ఎగిరిపోతాయి. బేరింగ్ సముద్రపు ఉత్తర భాగంలో ఆంపెలిస్కా అనే యాంఫిపాడ్‌లు గొట్టాలు కట్టుకుని అడుగున తివాచీ పరిచినట్టు ఉంటాయి. బూడిదరంగు తిమింగలం అడుగున పక్కకు ఒరిగి ఆ తివాచీని నోటితో పీల్చి వడకట్టుకుంటుంది. అంత పెద్ద ప్రాణికి వడ్లగింజలంత ఇవే వేసవి భోజనం. అక్కడి మంచు, నీటి వేడి మారి ఈ తిండి తగ్గిన కాలంలోనే తూర్పు పసిఫిక్‌లో ఆ తిమింగలాల సంఖ్య 2016లో దాదాపు 27,000 నుంచి 2023లో సుమారు 14,500కు పడిపోయింది.

మీ కుట్టే ప్రశ్నకు మిగిలిన సగం జవాబు కూడా ఇక్కడే చెప్పాలి. 2017లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ తీరంలో చల్లటి నీటిలో అరగంట కదలకుండా నిలబడ్డ ఒక కుర్రవాడి కాళ్లు రక్తసిక్తమయ్యాయి. అక్కడి మ్యూజియం నిపుణులు చూసి, అది లైసియానాసిడ్ యాంఫిపాడ్‌ల పని అన్నారు. అవి చచ్చిన చేపలను తినే రకం. అలాంటి సంఘటన చాలా అరుదు, విషం లేదు. నీటిలో కదులుతూ ఉంటే ఆ ఇబ్బంది రాదు.

ఇప్పుడు మన నీళ్ల సంగతి. ఉప్పుటేరుల్లో, మడ అడవుల్లో, చిలికా సరస్సులో యాంఫిపాడ్‌లు బాగానే ఉన్నాయి. చిలికా యాంఫిపాడ్‌ల మీద చిల్టన్ రాసిన నివేదిక 1921లోనే వెలువడింది. నేలమీది చెరువులు, కాలువల్లో మాత్రం ఐరోపాలో దొరికినట్టు దొరకవు. 2008లో లెక్క తీసినప్పుడు ప్రపంచంలో మంచినీటి యాంఫిపాడ్‌లు దాదాపు 1,870 జాతులు, ఉపజాతులు అని తేలింది. వాటిలో 70 శాతం ఐరోపా, ఉత్తర ఆసియా భాగాలవే. అయితే అదే లెక్కలో మరో మాట ఉంది: మొత్తంలో సగానికి దగ్గరగా భూగర్భజలాల్లోనే ఉంటాయి. మనవి కూడా అక్కడే ఉన్నాయి.

గుంటూరు జిల్లాలో ఒక పాత దిగుడుబావి దగ్గర నేను మొదటిసారి వల దింపిన రోజు చెబుతాను. శంఖం ఆకారంలో కుట్టిన సన్నని గుడ్డ వల, మూతి దగ్గర ఇనుప చుట్టు, అడుగున చిన్న సీసా, దానికి ఒక బరువు. తాడుతో అడుగుదాకా దింపి, అడుగు మట్టి కదిలేలా పది పన్నెండు సార్లు ఎత్తి దించాలి. పైకి లాగి సీసాలోని నీటిని నల్లటి పళ్లెంలో పోసి కాసేపు కదపకుండా ఉంచాను. మట్టి తేరుకున్నాక ముందు చుక్కల్లాంటివి గెంతుతూ కనిపించాయి, అవి కోపిపాడ్‌లు అనే మరో రకం చిన్న నీటి ప్రాణులు. తర్వాత తెల్లటి చిన్న దారం ముక్క ఒకటి, రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదేమో, పళ్లెం అడుగున పక్కకు ఒరిగి పాకింది. భూతద్దం కింద కళ్లు వెతికాను. లేవు. రంగు లేదు. ఒళ్లు రేకులా కాకుండా పొడవుగా, సన్నగా ఉంది. ఇసుక రేణువుల సందుల్లో దూరడానికి అదే వీలు. ఆ బావి నీటిని ఆ ఊరు తరతరాలుగా తాగుతూనే ఉంది. అందులో ఎవరున్నారో ఎవరూ చూడలేదు.

బొగిడియెల్లా ఇండికా అనే జాతిని ఆంధ్రప్రదేశ్ బావుల నుంచే వర్ణించారు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై. రంగారెడ్డి గారు, అమెరికాకు చెందిన జాన్ హోల్సింగర్, మొరాకోకు చెందిన మొహమ్మద్ మెస్సూలి కలిసి 2006లో ఆ వివరాలు ప్రచురించారు. మరుసటి ఏడాది వాళ్లే బస్తర్‌లోని కోటుంసర్ గుహ నుంచి కోటుంసారియా బస్తరెన్సిస్‌ను వర్ణించారు. దానికోసం కొత్త కుటుంబాన్నే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. ఆ గుహ ఉన్న కాంగేర్ లోయ నీళ్లు కొలాబ్‌లో కలుస్తాయి, మన వైపు వచ్చేసరికి కొలాబే శబరి, చివరకు గోదావరి. కాబట్టి ఆ గుడ్డి ప్రాణి గోదావరి నీటిదే అని నేను సంతోషంగా చెప్పుకుంటాను.

ఇవి బావుల్లోకి ఎలా వచ్చాయన్నదానికి ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఏమిటంటే, ఒకప్పుడు సముద్ర తీరపు ఇసుకలో బతికిన వాటి పూర్వీకులు, సముద్రం వెనక్కి పోయినప్పుడు నేలలోపలి నీటిలో చిక్కుకుపోయాయి. అక్కడ సంచి మళ్లీ తన పని చేసింది. పక్క లోయ నీటితో కలిసే దారి లేక ఒక్కోచోట ఒక్కో జాతి అయింది. బావి ఎండితే, బోర్లు నీటిని తోడేస్తే, పొలం మందులు దిగితే, ఇవి పక్క ఊరికి పోలేవు. రాళ్ల మీది, ఇసుక మీది బాక్టీరియా పొరను, కుళ్లును తిని నీటి దారులను తెరిచి ఉంచే ప్రాణులు ఇవి. బావిలో బ్లీచింగ్ పౌడర్ పోయాల్సిన అవసరం నిజంగా వచ్చినప్పుడు పోయక తప్పదు. కానీ ఏ కారణమూ లేకుండా అలవాటుగా సంచులకొద్దీ గుమ్మరించే చోట నేను ఒక్క ప్రాణినీ చూడలేదు.

మీరు విద్యార్థి అని రాశారు కాబట్టి ఒక పని చెబుతాను. భీమిలిలో మళ్లీ నాచు తిరగేసినప్పుడు ఇరవై ప్రాణుల్ని పట్టి, ఎత్తు అంచులున్న పొడి తెల్లటి గిన్నెలో వేసి, సముద్రం కనపడకుండా, ఆకాశం మాత్రం కనపడేలా ఇసుక మీద పెట్టండి. ఏ దిక్కుకు ఎగబడుతున్నాయో అయిదు నిమిషాలకోసారి లెక్కపెట్టి రాసుకోండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చేయండి. ఎండలో ఎక్కువసేపు ఉంచకండి, చూసిన వెంటనే తడి నాచు కిందే వదిలేయండి. మీ ఊళ్లో వాడకంలో లేని పాత బావి ఉంటే పెద్దవాళ్లను తోడు తీసుకెళ్లి వల దింపండి. తెల్లటి దారం ముక్క దొరికితే చిన్న సీసాలో ఆల్కహాల్ పోసి అందులో వేయండి. ఏ ఊరు, ఏ బావి, ఎంత లోతు, ఏ తేదీ అన్నది చీటీ మీద రాసి ఆ సీసాలోపలే ఉంచండి. చీటీ పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.